నీటిలో చిరుచేప వంతు

వేసవి మధ్యకాలం. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో సొకోర్రో పట్టణ సమీపాన రియో గ్రాండే నది. స్పానిష్ భాషలో ఆ పేరుకు 'పెద్ద నది' అని అర్థం. కాని నీరు తక్కువైన సంవత్సరాలలో అక్కడ కనిపించేది నది కాదు. ఎండకు బీటలు వారిన బురద, కాళ్ళు కాలే ఇసుక. నడుమ నడుమ మోకాలి లోతైనా లేని మడుగులు మాత్రం మిగిలి ఉంటాయి. ప్రభుత్వ మత్స్య శాఖ ఉద్యోగులు కొందరు వలలతో, బకెట్లతో ఆ మడుగులలోకి దిగుతారు. వల పైకి తీసినప్పుడు అందులో వేలెడంత పొడవున్న వెండి రంగు చేపలు మిలమిలలాడుతాయి. వాటిని జాగ్రత్తగా నీటి తొట్టెలలోకి మార్చి, వాహనాలలో ఎక్కించి, నది ఇంకా పారుతున్న చోటికి తీసుకువెళ్ళి వదులుతారు. కొంత ఆలస్యమైతే చాలు, మడుగు వేడెక్కుతుంది, నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది, కొంగలు వచ్చి వాలుతాయి.

ఈ శ్రమంతా దేనికోసం? ఎవరూ కూర వండుకోని, ఏ సంతలోనూ అమ్ముడుపోని ఒక చిరుచేప కోసం. దాని పేరు రియో గ్రాండే సిల్వరీ మిన్నో. శాస్త్రజ్ఞులు హైబోగ్నాథస్ అమారస్ అని పిలుస్తారు. ఈ చేప కోసం రైతులూ, నగరాలూ, ప్రభుత్వమూ, న్యాయస్థానాలూ సంవత్సరాల తరబడి వాదులాడుకున్నాయి. ఒక ఎడారి నదిలో నీరు అందరికీ చాలనప్పుడు ఎవరికి ఎంత వంతు దక్కాలి అనేదే ఆ వాదన అంతటికీ మూలం. ఈ ప్రశ్న మన ఇళ్ళకు, మన విశ్వాసానికి కూడా సంబంధించినదే గనుక, ఈ నెల ఆ చేప కథను పాఠకుల ముందు ఉంచదలచాము.

ముందుగా ఆ చేపను పరిచయం చేసుకుందాము. పూర్తిగా ఎదిగినా దాని పొడవు సుమారు 9 సెంటీమీటర్లు. చిన్న కళ్ళు, చిన్న నోరు, వెండి పొలుసులు. నది అడుగున మెత్తని బురద మీద పేరుకునే నాచును, కుళ్ళిన ఆకుల తునకలను తిని బ్రతుకుతుంది. అటువంటి ఆహారాన్ని జీర్ణం చేసుకోవడానికి సృష్టికర్త దానికి చుట్టలు చుట్టుకున్న పొడవాటి పేగును అమర్చాడు. నదిలో దాని ఆయుష్షు బహు స్వల్పం; ఎక్కువ చేపలు ఒక సంవత్సరం దాటి కొద్ది కాలమే జీవిస్తాయి. మన చెరువులలో పెంచే శీలావతి, బొచ్చె చేపలకు ఇది దూరపు చుట్టం. జీవశాస్త్ర వర్గీకరణలో అవన్నీ ఒకే క్రమానికి చెందుతాయి. కాని ఆ చేపలు మన పళ్ళెంలోకి వస్తాయి కనుక వాటి పేర్లు మనకు తెలుసు. పళ్ళెంలోకి రానివాటి పేర్లు మనం నేర్చుకోము.

ఒకప్పుడు ఈ చేప అరుదైనది కాదు. న్యూమెక్సికో ఉత్తర భాగంలోని ఎస్పన్యోలా పట్టణం మొదలుకొని, నది సముద్రంలో కలిసే మెక్సికో సింధుశాఖ దాకా, ఉపనది పెకోస్‌లోనూ అది గుంపులు గుంపులుగా తిరిగేది. ఆ నదిలో అన్నిటికంటె ఎక్కువగా దొరికే చేపలలో అదొకటి. నేడు సహజంగా మిగిలి ఉన్నది న్యూమెక్సికో మధ్యభాగంలోని కొద్దిపాటి నది పొడవులోనే. పూర్వం దాని నివాసమైన ప్రాంతంలో అది పదో వంతు కూడా కాదు.

ఈ క్షీణతకు కారణం తెలుసుకోవాలంటే ఆ చేప సంతానోత్పత్తి విధానం తెలుసుకోవాలి. రియో గ్రాండే నది కొలరాడో రాష్ట్రంలోని శాన్ హువాన్ పర్వతాలలో పుడుతుంది. శీతకాలంలో కొండల మీద పేరుకున్న మంచు వసంతంలో కరిగి, ఏప్రిల్, మే, జూన్ మాసాలలో నది పొంగుతుంది. ఆ పొంగే చేపలకు సంకేతం. నీటి మట్టం పెరగగానే ఆడ చేపలు వేల సంఖ్యలో గుడ్లను విడుస్తాయి. చాలా రకాల చేపల గుడ్లు రాళ్ళకో, నాచుకో అంటుకుని ఉంటాయి. ఈ చేప గుడ్లు అలా కాదు. అవి దేనికీ అంటుకోవు. నీటిని పీల్చుకుని ఉబ్బి, పూర్తిగా తేలకుండా, పూర్తిగా మునగకుండా ప్రవాహంతో పాటు కొట్టుకుపోతాయి. ఒకటి రెండు రోజులలో పొదుగుతాయి. కంటికి సరిగా కనబడని పిల్లలు మరి కొన్ని రోజులు అలాగే కొట్టుకుపోయి, నది ఒడ్డు దాటి పరచుకున్న నిలకడ నీళ్ళలోకి చేరి అక్కడ పెరుగుతాయి.

ఇసుక కదిలే ఎడారి నదికి ఈ పద్ధతి ఎంతగా సరిపోయిందో గమనించండి. అడుగున పెట్టిన గుడ్డును కదిలే ఇసుక కప్పివేస్తుంది. నీటిలో వ్రేలాడే గుడ్డుకు ఆ భయం లేదు. అయితే ఈ ఏర్పాటులో ఒక షరతు ఉన్నది. గుడ్లు పదుల కిలోమీటర్లు దిగువకు వెళ్ళిపోతాయి గనుక, నది తెగకుండా పొడవుగా పారాలి. పెరిగిన చేపలు తిరిగి ఎగువకు ఈదుకుంటూ రావడానికి దారి ఉండాలి. వేల సంవత్సరాల పాటు ఆ షరతు నెరవేరుతూ వచ్చింది. కరువులు అప్పుడూ వచ్చాయి, నది అప్పుడూ అక్కడక్కడ ఎండింది. కాని ఒక చోట చచ్చిపోయిన చేపల స్థానాన్ని మరొక చోటి నుండి వచ్చిన చేపలు నింపేవి.

ఇరవయ్యవ శతాబ్దంలో ఆ షరతు తెగిపోయింది. 1916 నాటికి ఎలిఫెంట్ బ్యూట్ ఆనకట్ట పూర్తయింది. తరువాత అంగోస్తూరా, ఇస్లేటా, సాన్ అకేసియా అనే చోట్ల నీటిని కాలువలకు మళ్ళించే అడ్డుకట్టలు వెలిశాయి. 1970ల తొలి భాగంలో ఎగువన కొచీటీ ఆనకట్ట వచ్చింది. గుడ్లు అడ్డుకట్టల మీదుగా దిగువకు జారిపోతాయి. చేపలు మాత్రం ఆ గోడలను ఎక్కి తిరిగి రాలేవు. ఎక్కువ ఎండేది దిగువ భాగమే. అంటే, పిల్లలు చేరేది చివరకు ఎండిపోయే చోటికి. ఇంకా దిగువకు పోయినవి జలాశయంలో పెద్ద చేపల పాలవుతాయి. దీనికి తోడు కొచీటీ ఆనకట్ట వండ్రును పట్టి ఉంచి తేట నీటిని వదలడంతో, విశాలంగా పాయలు పాయలుగా పారిన నది ఇరుకై, లోతుగా కోసుకుపోయింది. పిల్లలు పెరిగే నిలకడ నీళ్ళు తగ్గిపోయాయి.

ఈ విధంగా నీటిలో గుడ్లు విడిచే చిరుచేపలు ఆ నది మధ్యభాగంలో ఒకప్పుడు ఐదు రకాలు ఉండేవి. నాలుగు రకాలు అక్కడ కనుమరుగయ్యాయి. వాటిలో రెండు, ఫాంటమ్ షైనర్ అనే జాతి, బ్లంట్‌నోస్ షైనర్‌లోని రియో గ్రాండే ఉపజాతి, ఈ భూమి మీదనే లేకుండా పోయాయి. అవి పోయిన రోజు ఎవరికీ తెలియదు. ఏ పత్రికలోనూ వార్త రాలేదు. సిల్వరీ మిన్నో ఆ ఐదింటిలో అక్కడ మిగిలిన చివరిది.

1994లో అమెరికా ప్రభుత్వం ఈ చేపను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. జాబితాలో చేర్చడం తేలిక. నీరు ఇవ్వడం కష్టం. ఎందుకంటే ఆ నదిలోని నీరంతా అప్పటికే పంచబడిపోయింది. 1906 ఒడంబడిక ప్రకారం మెక్సికో దేశానికి ఒక వాటా ఉన్నది. 1938లో కుదిరిన ఒప్పందం ప్రకారం కొలరాడో, న్యూమెక్సికో, టెక్సాస్ రాష్ట్రాలకు వాటాలు ఉన్నాయి. అనాదిగా ఆ లోయలో సేద్యం చేసుకుంటున్న ప్వెబ్లో ఆదివాసులకు హక్కులు ఉన్నాయి. రైతులకు కాలువ నీరు, నగరాలకు కుళాయి నీరు ఉన్నాయి. అన్ని లెక్కలలోనూ లేనిది ఒక్కటే: నది నదిగా పారడానికి కావలసిన నీరు. ఆ ఒప్పందాలు వ్రాసినవారు దుర్మార్గులని మేము అనడం లేదు. తమ ప్రజల దాహమూ, తమ పొలాల పచ్చదనమూ వారి కళ్ళ ముందు ఉన్నాయి. నది తనంతట తానే పారుతుందని వారు అనుకొని ఉంటారు.

1999లో కొన్ని పర్యావరణ సంఘాలు న్యాయస్థానానికి వెళ్ళాయి. చేప బ్రతకడానికి అవసరమైతే సేద్యానికీ నగరాలకూ ఇచ్చే నీటిలో కోత పెట్టే అధికారం కేంద్ర జలవనరుల విభాగానికి ఉన్నదని 2003 జూన్‌లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. లోయ అంతటా కలకలం రేగింది. ఆ సంవత్సరం ముగియకముందే అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి, వేరే నదీ పరీవాహకం నుండి సొరంగాల ద్వారా తెచ్చిన నీటిని చేప కోసం వాడరాదని కట్టడి విధించింది. తరువాత 2010లో అదే న్యాయస్థానం, ఇక తేల్చవలసిన అంశం మిగలలేదని ఆ వివాదాన్ని ముగించింది. కాగితం మీద ఎవరు గెలిచారో చెప్పడం కష్టం. ఇసుకలో మాత్రం నది ఎండుతూనే వచ్చింది. 2022 వేసవిలో రాష్ట్రంలోని అతి పెద్ద నగరమైన ఆల్బకర్కీ పరిధిలోనే రియో గ్రాండే ఎండిపోయింది. సుమారు నలభై సంవత్సరాలలో అటువంటిది జరగడం అదే మొదటిసారి.

ఇక్కడ మనం రైతు పక్షాన కూడా ఒక క్షణం నిలబడాలి. కరువు సంవత్సరంలో, మొక్క వాడిపోతున్న వేళ, 'ఈ నీరు వేలెడంత చేపకు కావాలి' అని ఎవరైనా చెబితే ఏ రైతు గుండె మండదు? రాయలసీమలోనో, పాలమూరులోనో కాలువ చివరి భూములలో సేద్యం చేసిన కుటుంబాలకు ఆ మంట ఏమిటో వివరించనక్కరలేదు. పైగా న్యూమెక్సికోలో చాలామందివి చిన్న కమతాలు; తాతల నాటి కాలువల క్రింద సాగు చేసుకునే కుటుంబాలు. వారి కాలువలకు అక్కడ ఒక ప్రత్యేకమైన పేరున్నది. మన పాఠకులు ఆగి వినవలసిన పేరు అది.

ఆ కాలువలను 'అసేకియా' అంటారు. స్పానిష్ మాటగా చలామణి అవుతున్న ఈ పదం అసలు అరబీ పదం: 'అస్సాఖియా', అంటే నీరు పారించేది. ముస్లిముల పాలనలో అందలూస్‌లో, అనగా నేటి స్పెయిన్‌లో, సేద్యపు కాలువల వ్యవస్థ విస్తరించింది. కాలువతో పాటు దాని మాటలు, దాని కట్టుబాట్లు ఆ నేలలో నాటుకున్నాయి. 1598 నుండి స్పానియార్డులు న్యూమెక్సికోలో స్థిరపడినప్పుడు ఆ విద్యను వెంట తీసుకుపోయారు. అప్పటికే అక్కడ సేద్యం ఎరిగిన ప్వెబ్లో ప్రజల అనుభవం దానికి తోడైంది. నేటికీ ఆ రాష్ట్రంలో సుమారు 700 అసేకియాలు ఉన్నాయి. ప్రతి అసేకియాకు రైతులే ఎన్నుకున్న ఒక పెద్ద ఉంటాడు. మన పల్లెలలోని నీరటి వలె అతడు వంతుల ప్రకారం నీరు వదులుతాడు. ప్రతి వసంతంలో అందరూ కలిసి పారలు పట్టుకుని కాలువ పూడిక తీస్తారు. నీరు తగ్గిన ఏడాది అందరూ కొంత కొంత తగ్గించుకుంటారు.

స్పెయిన్‌లోని వలెన్సియా నగరంలో నేటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం ప్రధాన చర్చి ద్వారం వద్ద జల న్యాయసభ కొలువుతీరుతుంది. రైతులు ఎన్నుకున్న న్యాయమూర్తులు కాలువ తగవులను అక్కడికక్కడే నోటిమాటగా విచారించి తీర్పు చెబుతారు. దాని మూలాలు ముస్లిముల కాలానికి చెందినవని అక్కడి వారి సంప్రదాయమే చెబుతుంది. 2009లో యునెస్కో దానిని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

అంటే, రియో గ్రాండే ఒడ్డున రైతు పట్టుకున్న పారకూ, మన ధర్మశాస్త్ర గ్రంథాలలోని నీటి అధ్యాయాలకూ నడుమ సన్నని కాలువ ఒకటి ఉన్నది. ఆ అధ్యాయాలలో ఏమున్నది? ఒక సంఘటన మనలో చాలామందికి తెలిసినదే. మదీనాలో కొండ వాగు నీటి విషయమై హజ్రత్ జుబైర్ (రజి)కూ, ఒక అన్సారీ సోదరునికీ వివాదం వచ్చినప్పుడు, ఎగువ తోటవాడు తన చెట్లకు పెట్టుకుని తరువాత నీటిని పొరుగువానికి వదలాలని దైవప్రవక్త (స) తీర్పు ప్రారంభించారు. మహ్‌జూర్ వాగు విషయంలోనైతే కొలత కూడా నిర్ణయమైంది: చీలమండల లోతు నీరు నిలిచే వరకే ఎగువవాని హక్కు, ఆ పైన దిగువకు వదలవలసిందే. ఎగువన ఉన్నంత మాత్రాన ఎవడూ నీటికి యజమాని కాడు. ముందుగా అందుకునే అవకాశం మాత్రమే అతనికి దక్కింది.

ఈ పునాది మీద ఫుఖహాలు నీటి హక్కులను రెండు తరగతులుగా విభజించారు. ఒకటి దాహం తీర్చుకునే హక్కు, రెండవది పొలం తడుపుకునే హక్కు. మొదటి తరగతిలో మనిషి దాహమే కాదు, పశువుల దాహమూ చేరింది. అది పొలం కంటె ముందు నిలిచింది. ఎందుకంటే పంట పోతే నష్టం. దాహం తీరకపోతే ప్రాణమే పోతుంది. ఆ గ్రంథాలలో పేర్కొన్న జంతువులు నీటి వద్దకు నడిచి వచ్చే పశువులు. నీరే ఇల్లైన చేపకు ఈ నియమాన్ని వర్తింపజేయడం మేము చేస్తున్న పోలికయే గాని, ధార్మిక తీర్పు కాదు. అయినా ఆ క్రమంలోని వివేకం ఆలోచించదగినది.

దీనికంటె స్పష్టమైన దృష్టాంతం ఒకటి దివ్యఖుర్‌ఆన్‌లోనే ఉన్నది. సాలిహ్ ప్రవక్త (అ) సమూద్ జాతి వద్దకు వచ్చారు. వారు కొండలను తొలిచి ఇళ్ళు కట్టుకున్నవారు. తోటలు, చెలమలు కలవారు. వారికి సూచనగా ఒక ఆడ ఒంటె ఇవ్వబడింది. ఒంటెతో పాటు ఒక నియమమూ వచ్చింది: నీటిలో దానికొక వంతు, ప్రజలకొక వంతు. ఆ జాతి పరీక్షించబడినది ఆ నియమంతోనే. వారి వంతును ఎవరూ లాక్కోలేదు. తమ రోజున తాము త్రాగవచ్చు, తోటలకు పెట్టుకోవచ్చు. కాని మాట్లాడలేని ఒక జంతువుకు నీటిలో హక్కున్నదన్న మాటను వారు సహించలేకపోయారు. దానిని చంపివేశారు. ఆ పైన వారికి ఏమి జరిగిందో మనకు తెలుసు. ఈ గాథను మనం ఎన్నోసార్లు చదివాము, పిల్లలకు చెప్పాము. అద్భుతాన్ని చెబుతాము, శిక్షను చెబుతాము. నడుమనున్న వంతుల సంగతిని తొందరగా దాటిపోతుంటాము.

చిరుచేపల ఈ కష్టం అమెరికాకే పరిమితమైనది కాదు. జోర్డాన్ ఎడారిలో అజ్రఖ్ అనే ఒయాసిస్సు ఉన్నది. వలస పక్షులు లక్షలుగా వాలిన చోటు. రాజధాని అమ్మాన్ నగరానికీ, వ్యవసాయానికీ భూగర్భ జలాన్ని ఎడతెరిపి లేకుండా తోడడంతో 1990ల ప్రారంభానికి అక్కడి ఊటలు ఎండిపోయాయి. ఆ చిత్తడి నేల తప్ప లోకంలో మరెక్కడా లేని ఒక చిన్న చేప దాదాపు మాయమైంది. అది మిన్నోల కుటుంబానికి చెందినది కాదు గాని, దాని తలరాత మాత్రం ఇదే. జోర్డాన్‌లోని ప్రకృతి సంరక్షణ సంఘం మిగిలిన కొద్దిపాటి చేపలను పట్టి, సంరక్షించి, వృద్ధి చేసి, కొంత నీటిని తిరిగి ఆ నేలకు రప్పించి అందులో వదిలింది. పూర్వపు విస్తీర్ణంలో కొద్ది భాగమే తిరిగి తడిసింది. అయినా చేప బ్రతికింది.

ఉద్యోగరీత్యా ఒమాన్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు మరొక దృశ్యం పరిచితమే. అక్కడి కొండ ఊళ్ళలో 'అఫ్లాజ్' అనే పురాతన కాలువలు ఉన్నాయి. కొండల అడుగు నుండి నీటిని వాలు మీదుగా ఖర్జూర తోటలకు తెచ్చే ఈ కాలువలలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పగలు సూర్యుని నీడను, రాత్రి నక్షత్రాలను చూసి వంతులు పంచుకున్న వ్యవస్థ అది. ఆ కాలువలో కాళ్ళు పెట్టి కూర్చుంటే చిన్న చిన్న చేపలు వచ్చి పాదాలను కొరుకుతాయి. పిల్లలు కేరింతలు కొడతారు. అవి గర్రా జాతి చేపలు, ఒమాన్ వాగులలో పుట్టి పెరిగేవి. కాలువ మనిషి కట్టినదే. ఖర్జూరం కోసం కట్టినదే. అయినా దానిలో పారే నీరు ఎడతెగనందువల్ల చేపకు కూడా నీడ దొరికింది. పొలమూ చేపా పరస్పరం శత్రువులు కానక్కరలేదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి?

రియో గ్రాండే ఒడ్డున కూడా కొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయి. వసంతంలో కొట్టుకుపోయే గుడ్లను వలలతో పట్టి, ఆల్బకర్కీలోనూ, డెక్స్‌టర్‌లోనూ ఉన్న సంరక్షణ కేంద్రాలలో పొదిగించి, పెరిగిన చేపలను లక్షల సంఖ్యలో నదిలో వదిలారు. 2008లో టెక్సాస్‌లోని బిగ్ బెండ్ ప్రాంతంలోనూ వాటిని తిరిగి ప్రవేశపెట్టారు. లోయలోని సేద్యపు నీటి సంస్థ, ఇష్టపడిన రైతులకు పరిహారం ఇచ్చి ఆ ఏడాది పొలాన్ని బీడుగా ఉంచమని కోరుతుంది. అలా మిగిలిన నీరు నదిలోకి పోతుంది. న్యాయస్థానం కోత పెట్టమన్నప్పుడు మండిపడిన రైతు, తన ఇష్టంతో, తగిన పరిహారంతో తన వంతులో కొంత వదులుకోవడానికి ముందుకు వస్తున్నాడు. బలవంతం చేయలేని పనిని ఒప్పందం చేయగలుగుతున్నది.

ఇది విజయగాథ అని మాత్రం మేము చెప్పడం లేదు. 2017లో మంచు బాగా కరిగి నది పొంగినప్పుడు చేపల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. మరుసటి ఏడాది కరువు వచ్చి నది మైళ్ళ తరబడి ఎండిపోయింది. తొట్టెలలో పెంచిన చేపలను ఎన్ని వదిలినా, వదిలిన చోట నది లేకపోతే ఏమి ప్రయోజనం? బకెట్ పట్టుకున్న ఆ ఉద్యోగులకు ఈ సంగతి అందరికంటె బాగా తెలుసు. అయినా మరుసటి వేసవిలో మళ్ళీ మడుగులలోకి దిగుతారు. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ కొండల మీద మంచు తగ్గుతున్నది. రైతుకూ నీరు తగ్గుతున్నది, నగరానికీ తగ్గుతున్నది. తగ్గేదానిని పంచుకోవడమే అసలైన పరీక్ష; సమృద్ధిలో పంచడానికి ధర్మం అక్కరలేదు.

ఇక మన ఇళ్ళలోకి వద్దాము. ఈ కథ చెబితే పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: 'ఆ చేప వల్ల మనకేమి లాభం?' పెద్దలలో చాలామంది మనసులో కూడా ఇదే ప్రశ్న ఉంటుంది, పైకి అడగరు అంతే. దీనికి సులభమైన సమాధానం ఒకటి ఇవ్వవచ్చు. చేప ఉంటే నది ఉన్నట్టు. నది ఉంటే ఒడ్డున చెట్లు, భూగర్భంలో నీరు, మనిషికి బ్రతుకు ఉన్నట్టు. చాలావరకు ఏడాది దాటి కొద్ది కాలమే బ్రతికే ఈ చేప, వరుసగా కొన్ని ఏళ్ళు వసంతపు పొంగు తప్పితే లేకుండా పోతుంది; కనుక అది నది ఆరోగ్యానికి కొలబద్ద. ఈ సమాధానం నిజమే. కాని ఇది చాలదని మా అభిప్రాయం.

ఎందుకంటే ఈ సమాధానంలో కూడా చేప మన లాభం కోసమే బ్రతకాలి. రేపు నది ఆరోగ్యాన్ని కొలవడానికి మెరుగైన యంత్రం వస్తే చేప అక్కరలేదా? విశ్వాసులకు మరొక సమాధానం ఉన్నది. భూమి మీద సంచరించే ప్రాణులు కూడా మన వంటి సముదాయాలేనని, వాటి ఉపాధి బాధ్యత కూడా వాటి ప్రభువుదేనని మన గ్రంథం మనకు తెలిపింది. భూమి మన చేతికి అమానత్‌గా, అనగా అప్పగింతగా వచ్చింది. ఎవరైనా తమ ఇంటి తాళాలు మనకు అప్పగించి ప్రయాణమైతే, వారి ఇంట్లో మనకు అక్కరకు రాని వస్తువులను పారవేస్తామా? ప్రయోజనం తెలియకపోవడం మన జ్ఞానానికి ఉన్న హద్దు. దానిని ఆ వస్తువు మీద నేరంగా మోపడం న్యాయం కాదు.

అయితే రైతును నిందించి, నగరాన్ని వదిలివేసే న్యాయమూ న్యాయం కాదు. చేప కోసం త్యాగం చేయమని పేద రైతును అడిగే ముందు, తోటలోని పచ్చికకు నీరు చల్లే ఇంటివాడు తన కుళాయి వైపు చూసుకోవాలి. దాహంతో ఉన్న కుక్కకు బావిలోకి దిగి నీరు తెచ్చిన వ్యక్తి గురించిన హదీసును మనం తరచూ చెప్పుకుంటాము. అతడు తెచ్చిన నీరు ఇంకొకరి కుండలోనిది కాదు; అందుకు పట్టిన శ్రమ అతనిదే. దయ చూపదలచినవాడు ముందుగా తన వంతు నుండే చూపాలి.

ఈ సెలవులలో మా పాఠక కుటుంబాలకు ఒక చిన్న పని సూచిస్తున్నాము. పిల్లలను దగ్గరలోని వాగుకో, చెరువు అలుగుకో తీసుకువెళ్ళండి. వల, గాలం అక్కరలేదు. గట్టు మీద కొంతసేపు నిశ్శబ్దంగా కూర్చోండి. నీటిలో కదిలే చిన్న చేపలను చూపించండి. తరువాత ఇంట్లో నానమ్మనో, తాతయ్యనో అడగండి: మీ చిన్నతనంలో మన వాగులో ఏయే చేపలు ఉండేవి, వాటినేమని పిలిచేవారు అని. వారు చెప్పే పేర్లను ఒక కాగితం మీద వ్రాయించండి. వాటిలో ఎన్ని నేటికీ ఉన్నాయో, ఎన్ని కనబడడం లేదో పిల్లలే లెక్క చూస్తారు. రియో గ్రాండేలో పోయిన నాలుగు రకాల చేపలు ఏ రోజున పోయాయో ఎవరూ వ్రాసిపెట్టలేదు. మన వాగు విషయంలోనైనా వ్రాసిపెట్టినవారు ఒకరు ఉండనివ్వండి.

ఆ సాయంత్రం వుజూకు కూర్చున్నప్పుడు కుళాయిని కొంచెం తగ్గించి తిప్పండి. పారే నది ఒడ్డున ఉన్నా వృథా చేయరాదన్న బోధ మనకు కొత్త కాదు. మనం మిగిల్చిన చెంబెడు నీరు నేరుగా ఏ చేప వద్దకూ పోదు, నిజమే. కాని నీటిలో మనం కాక ఇంకొకరికి కూడా వంతున్నదన్న సంగతిని రోజుకు ఐదుసార్లు చేతులకు గుర్తు చేయడానికి అంతకంటె మంచి చోటు మాకు తోచడం లేదు.